చిన్నాన్న తుపాకి సంచీ

మా చిన్నాన్న ఉన్నన్నాళ్లూ ఆయన తుపాకి సంచీ మా ఇంటి గడప దాటలేదు. ఆయన ఇల్లు మా పక్కిల్లే. అడవికి బయలుదేరే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి మా అమ్మ చేతి కాఫీ తాగడం ఆయనకు అలవాటు. లోపలికి వచ్చే ముందు సంచీని భుజం మీంచి తీసి బయట చూరు కింద మేకుకి తగిలించి, కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని అప్పుడు వచ్చేవాడు. అలా చెయ్యమని అమ్మ చెప్పగా నేను వినలేదు. ఆమె మాత్రం సంచీ వేలాడే వైపుకి వీపు తిప్పి కూర్చునేది.

ఆ సంచీ అంతకుముందు మా నాన్నది. ఆయనకు ముందు మా తాతది. తాత దాన్ని కాన్వాసు గుడ్డతో కుట్టి, పైన రబ్బరు పాలు పూసి, ఈ మలాయి దేశంలో అప్పటి మా రబ్బరు ఎస్టేటు పొగ గదిలో ఎండబెట్టాడట. ఎంత వానలో తడిసినా లోపల చుక్క నీరు దిగేది కాదు.

నాన్న అడవిపంది వేటలోనే పోయాడు. నేనప్పుడు బడికి వెళ్లడం మొదలుపెట్టిన కొత్త. ఈపో పట్నం ఆసుపత్రిలో ఆయన ముఖం మీద తెల్లటి గుడ్డ చుట్టి ఉండడం, నన్ను దగ్గరికి పోనివ్వకుండా ఎవరో చెయ్యి పట్టుకోవడం గుర్తుంది. కాలిన వెంట్రుకల వాసన బాగా గుర్తుంది. ఎలా జరిగిందని అడిగితే ఎస్టేటులో పెద్దవాళ్లు "మందు పేలిపోనాది" అనేవారు. ఆ తర్వాత మాట మార్చేవారు. నేనూ అంతకంటే అడగడం మానేశాను.

నాన్న పోయిన తర్వాత ఆ తుపాకీ, ఆ సంచీ చిన్నాన్నకు వచ్చాయి. తుపాకీ ఇప్పటి వాటిలాంటిది కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కూరి, సీసపు గుండ్లు జారవిడిచి, కడ్డీతో దట్టించి కాల్చాలి. మలాయిలు దాన్ని సెనపాంగ్ లంతాక్ అంటారు. తాతల నాటి లైసెన్సు. ఏటేటా చిన్నాన్న దాన్ని గోనెగుడ్డలో చుట్టి మోటారుసైకిలు మీద సుంగై సిపుట్ పోలీసుస్టేషనుకి తీసుకెళ్లి కాగితం కొత్తది చేయించుకుని వచ్చేవాడు.

రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిల్ తోటలు వేశాక కూలీలుండే లైను ఇళ్లు పడగొట్టారు. మాకు తోట అంచున వరసగా కట్టిన చిన్న ఇళ్లు ఇచ్చారు. నేను చేతి తొడుగులు చేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరాను. ఇంట్లో అమ్మా, నేనూ. పక్కింట్లో చిన్నాన్న ఒక్కడూ. పిన్ని ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. మా ఇళ్ల వెనక కాలువ దాకా కాస్త నేల ఉంటే అమ్మ అందులో కర్రపెండలం, అరటి, మొక్కజొన్న వేసేది. కాలువ అవతలంతా పామాయిల్ చెట్లే. వాటి వెనక కొండ మీద అసలు అడవి.

ఇప్పుడు చెప్పబోయేది కొన్నేళ్ల కిందట మొదలైంది. ఆ ఏడు పందులు బాగా ఎక్కువయ్యాయి. ఒక రోజు తెల్లారి లేచి చూస్తే కర్రపెండలం మడి మొత్తం దున్నేసినట్టు ఉంది. ఊడిన దుంపలు సగం కొరికి పడేసి ఉన్నాయి. అమ్మ బురదలో దిగి, నిలిచిన మొక్క ఒక్కటైనా ఉందా అని వెతుకుతోంది. చిన్నాన్న కాలువ గట్టు మీద నిలబడి కళ్లు చికిలించి చూస్తున్నాడు. చక్కెర జబ్బు వల్ల ఆయన చూపు అప్పటికే బాగా మందగించింది. ఎదుటి మనిషి నీడలా కనబడతాడు తప్ప ముఖం తెలియదు.

"ఏటి మిగిలినాది వదినా?" అని అడిగాడు.

"ఏటీ లేదు," అంది అమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. "పాపా, నాకు సేతులున్నాయి గానీ కళ్లు నేవు. నువ్వు కళ్లు ఇస్తే, నాను సూసుకుంటాను."

అమ్మ బురదలోంచి లేచి నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు. "ఒకల్ని ఇచ్చినాను. సాల్నేదేటి?" అంది.

చిన్నాన్న తల దించుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం కాఫీకి రాలేదు. మర్నాడు కూడా రాలేదు. మూడో రోజు పందులు మళ్లీ వచ్చి అరటి బోదెలు కూలదోశాయి. చిన్నాన్న తన ఇంటి మెట్ల మీద ఒంటరిగా తుపాకి గొట్టం తుడుచుకుంటూ కూర్చోవడం కిటికీలోంచి అమ్మ చూసింది. చాలాసేపు చూసి నన్ను పిలిచింది.

"ఆడు ఒక్కడూ ఎల్లిపోతాడు. గుడ్డోడు. ఆడికేదైనా అయితే నా నెత్తి మీదే ఉంటాది. నువ్వెల్లు. ఆడి ముందు నడవకు, ఎనక నడవకు. పక్కన నడువు."

నేను వెళ్లేసరికి ఆయన మెట్ల మీద పాత పేపరు పరిచి సంచీలోవన్నీ బయట పెడుతున్నాడు. నా అడుగుల చప్పుడు పోల్చుకున్నాడు. పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆ సంచీలో ఏముందో నేను అన్నేళ్లలో మొదటిసారి చూడడం అదే.

గేదె కొమ్ముతో చేసిన మందు డబ్బా పెద్దది. నల్లగా నున్నగా మెరుస్తోంది. సన్నని కొసకు చెక్క బిరడా. "ఇది ఎప్పుడూ ఎడం పక్కన. మూత తీసినాక మల్లీ ఎట్టినావో నేదో సేత్తో తడిమి సూసుకో. కళ్లని నమ్మకు." దాని పక్కన చిన్న తగరం డబ్బాలో కేపులు. తుపాకి మీద ఉన్న చిన్న మొనకి తొడిగితే, గుర్రం అనే ఇనప సుత్తి వచ్చి కొట్టగానే నిప్పురవ్వ పుట్టించేవి ఇవే. అవి తడిస్తే తుపాకీ ఉత్త ఇనప గొట్టమే. అందుకని డబ్బా మూత చుట్టూ కొవ్వొత్తి మైనం రుద్దేవాడు. కొబ్బరి పీచు ఒక ప్లాస్టిక్ కవరులో, సీసపు గుండ్లు ఒక మందపాటి గుడ్డ మూటలో. గుండ్ల మూట విప్పి నా అరచేతిలో పోశాడు. చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉన్నాయి.

ఇంకా ఉన్నాయి. మొన రంధ్రంలో మసి పేరుకుంటే పొడిచి తీయడానికి గోనెసూది. నూనె గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి, రెండూ కలవకుండా వేరు వేరు కవర్లలో. జలగలకి ఉప్పు, పొగాకు కలిపి కట్టిన చిన్న మూట. సన్నటి తాడు. పారాంగ్ కత్తి నడుముకి, నీళ్ల సీసా నా భుజానికి. దట్టించే కడ్డీ తుపాకి గొట్టం కిందే ఉంటుంది, అయినా ఇంకొకటి సన్నని ఇనప కడ్డీ ఆయన చేతికర్రలా పట్టుకుని నడిచేవాడు. అడవిలో కడ్డీ విరిగితే తుపాకీ మోసుకుని తిరిగి రావడమే అన్నాడు.

"అగ్గిపెట్టి?" అని అడిగాను.

"వద్దు. బీడీ గానీ, అగ్గిపెట్టి గానీ ఇద్దరిలో ఎవరి కాడా ఉండకూడదు."

అన్నిటికంటే చివర ఒక చిన్న వెదురు గొట్టం తీశాడు. నా బొటనవేలంత ఉంటుంది. ఒక పక్క కణుపుతో మూసి ఉంది. అంచు వాడి వాడి నునుపు తేలింది. దాన్ని పేపరు మీద పెట్టలేదు. చేతిలోనే పట్టుకున్నాడు.

"మందు కొమ్ములోంచి ముందల దీన్లో పొయ్యాల. కొమ్ముకి బిరడా ఎట్టాల. కొమ్ముని ఎనక్కి తోసెయ్యాల. అప్పుడు దీన్లోంచి గొట్టంలో పొయ్యాల. పంది మీదికొస్తన్నా ఇంతే. ఇనబడినాదా?"

"ఇనబడినాది."

"కొమ్ముని గొట్టం మూతి కాడికి తేకూడదు. ఒక తూరి కాల్సినాక లోపట పీసు నిప్పు మిగిలుంటాది. మనకి కనబడదు. మందు పడితే అంటుకుంటాది. దీన్లో ఉన్నది కొంచెమే, అంటుకున్నా సెయ్యి కాల్తాది, అంతే. కొమ్ము అంటుకుంటే..."

ఆయన వేళ్లు ఆ వెదురు గొట్టం చుట్టూ బిగుసుకున్నాయి. తర్వాత నేల వైపు చూస్తూ మిగతాది చెప్పాడు. ఆ రోజు నాన్న మొదటి దెబ్బ పందికి సరిగ్గా తగల్లేదట. గాయపడిన పంది వెనక్కి తిరిగి నాన్న మీదికి వచ్చింది. నాన్న తొందరలో కొమ్ముని తిన్నగా గొట్టంలోకి వంచాడు. చిన్నాన్న పక్క చెట్ల వరసలో ఉన్నాడు. మెరుపు చూశాడు, తర్వాత చప్పుడు విన్నాడు. పంది పారిపోయింది. నాన్నను వీపు మీద వేసుకుని తోట రోడ్డు దాకా మోశాడు.

"దారి పొడుగునా మాటాడతానే ఉన్నాడు. కొమ్ము ఎక్కడ పడినాదో సూడు, అయ్య తిడతాడు అని. ఆడికి సెయ్యి నేదు పాపా. కొమ్ము గురించి అడుగుతన్నాడు."

ఆ కొమ్ము పోయాక చిన్నాన్న ఇంకో కొమ్ము చేయించుకున్నాడు. వెదురు గొట్టాన్ని తన చేతులతో కోసుకున్నాడు. నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పని సంగతి అలా మెట్ల మీద, ఎండలో, పేపరు మీద పరిచిన సామాను మధ్య తెలిసింది. నేను ఏడవలేదు. అన్నీ ఏ వరసలో పెట్టాలో చూసుకుంటూ ఒక్కొక్కటే సంచీలోకి సర్దాను.

ఆ రోజు నుంచి సంచీ సర్దడం నా పని అయింది. పని లేని రోజుల్లో సాయంత్రం పూట వెళ్లేవాళ్లం. తోట అంచున ఉన్న కాపలా దేవుడు మునియాండి గుడి ముందు చిన్నాన్న ఒక చుట్ట, తమలపాకు పెట్టి దణ్ణం పెట్టుకునేవాడు. అక్కడి నుంచి లోపలికి అడుగు పెట్టాక ఒకరినొకరు పిలుచుకోకూడదు. పేరైనా సరే, వరసైనా సరే. అడవికి మన పిలుపు తెలిస్తే తర్వాత అదే గొంతుతో మనల్ని పిలుస్తుందని ఆయన నమ్మకం. ఏదైనా చెప్పాలంటే నాలుకతో చిన్న చప్పుడు చేసి మోచేతి మీద తట్టాలి. పులి మాట అసలు ఎత్తకూడదు. తప్పనిసరైతే తాత అనాలి.

పామాయిల్ తోట లోపల వెలుతురు వేరుగా ఉంటుంది. మట్టలు పైన కలుసుకుని, కింద ఎప్పుడూ వానాకాలపు సాయంత్రంలా ఉంటుంది. నరికిన మట్టలు వరసల మధ్య కుప్పలుగా పోసి ఉంటాయి. ఆ కుప్పల వెనక కూర్చునేవాళ్లం. నేను పందిని చూసి, ఎన్నో చెట్టు, ఏ పక్క అని ఆయన వీపు మీద వేలితో చెప్పేదాన్ని. ఎదురుగా మట్టిగట్టు ఉన్న చోటే తప్ప ఆయన తుపాకీ ఎత్తేవాడు కాదు. మొదటి నెలల్లో రెండు పందులు దొరికాయి. మాంసం ఆ వీధి వాళ్లంతా పంచుకున్నారు. అమ్మ తన వాటా తీసుకుని పొరుగింటికి ఇచ్చేసేది. నాన్న పోయిన తర్వాత ఆమె ఆ మాంసం ముట్టలేదు.

కొన్నాళ్లకి నాకు ఒకటి తెలిసొచ్చింది. నడిచేటప్పుడు నేను ఆయనకు కుడి పక్క ఉండేదాన్ని. ఎడం పక్క ఆయన ఎప్పుడూ కొంచెం చోటు వదిలేవాడు. ఇరుకు దారిలో మట్టలు గీరుకుంటున్నా నన్ను తన మీదికి లాక్కునేవాడు కానీ ఎడం పక్కకి జరిగేవాడు కాదు. కుప్ప వెనక కూర్చునేటప్పుడు కూడా అంతే. ముగ్గురికి సరిపోయేంత చోటు చూసి కూర్చునేవాడు. అలవాటు అనుకున్నాను. ఇద్దరన్నదమ్ములు అలాగే తిరిగి ఉంటారు, ఒళ్లు మరిచిపోలేదేమో అనుకున్నాను.

ఒక సాయంత్రం వాన వెలిశాక వెళ్లాం. తోట అంతా ఆవిరి కక్కుతోంది. చెట్ల మట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను కేపుల డబ్బా పొడిగా ఉందో లేదో రెండు సార్లు చూసి ఇచ్చాను. ఆయన మందు కొలిచి పోసి, పీచు కూరి, గుండ్లు వేసి దట్టించాడు. కూర్చున్న కాసేపటికే పెద్ద పంది ఒకటి వచ్చింది. రాలిన పామ్ పళ్లు నములుతూ పక్కకి తిరిగి నిలబడింది. వెనక మట్టిగట్టు. నేను వీపు మీద వేలితో చూపించాను. ఆయన తుపాకీ ఎత్తి మీట నొక్కాడు.

టప్ మని కేపు ఒక్కటే పేలింది. తుపాకీ పేలలేదు.

పంది తలెత్తింది. చిన్నాన్న తుపాకీ దించలేదు. అలా జరిగితే దించకూడదని నాకు ముందే చెప్పాడు. నిప్పు లోపల దాక్కుని ఉండొచ్చు, నెమ్మదిగా మందుని చేరొచ్చు. గొట్టం గట్టు వైపే పెట్టి, కదలకుండా ఓపిక పట్టాలి. నేను గొట్టం కొసనే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఆయన మాట్లాడాడు. అడవిలో ఎప్పుడూ నోరు విప్పని మనిషి, ఎడం పక్కకి మొహం తిప్పి, చిన్న పిల్లాడిని ఆపుతున్నట్టుగా మాట్లాడాడు.

"వద్దు అన్నా. కొమ్ము కింద ఎట్టు. నా మాటిను. బేగిపడకు. ఒగ్గీ, ఒగ్గీ."

నాకు కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. తుపాకి మందు వాసన నాకు అప్పటికి బాగా అలవాటే, గంధకంలా ఉంటుంది. ఇది అది కాదు.

అప్పుడు తుపాకీ పేలింది. పంది ఎటు పోయిందో తెలియదు. తెల్లటి పొగ మా చుట్టూ కమ్మేసింది. తడి గాలికి అది పైకి లేవకుండా నేల మీదే పాకుతూ ఎడం పక్కకి జరిగింది. నేను దాన్నే చూస్తున్నాను. ఆయన పక్కన వదిలిన ఆ చోట పొగ రెండుగా చీలింది. ఏటి నీళ్లు రాయిని తప్పుకుని పోయినట్టు, అటూ ఇటూ తప్పుకుని, అవతల మళ్లీ కలిసింది. మధ్యలో ఏమీ లేదు. మనిషంత ఖాళీ ఉంది. పొగ పల్చబడేదాకా అలాగే ఉంది.

చిన్నాన్న చాలాసేపటికి తుపాకీ దించాడు. చెంపల మీద నీళ్లు. "నువ్వూ సూసినావేటి?" అన్నాడు.

నేను ఆయన మోచేతి మీద తట్టాను. ఆయన అదే జవాబనుకుని తలూపాడు.

ఇంటికి నడిచొస్తుంటే, గుడి దాటాక అడిగాను. "ఇన్నేళ్లూ ఇలాగే ఉంటే ఎందుకు ఎల్లినావు సిన్నాన్నా? ఎప్పుడో మానీవలసింది కదా."

ఆయన సంచీని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఆడు అక్కడే ఉండిపోనాడు పాపా. ఆసుపత్రికి మోసుకెల్లినాను గానీ, ఆడు నాతో రాలేదు. నాను ఎల్లకపోతే ఒక్కడూ ఉంటాడు."

ఆ తర్వాత మేము ఎక్కువసార్లు వెళ్లలేదు. ఆయన కాలికి పుండు పడి మానలేదు. నడక పోయింది. సాయంత్రమయితే వెనక గుమ్మంలో కుర్చీ వేయించుకుని కాలువ వైపు చూస్తూ కూర్చునేవాడు. కళ్లు దాదాపు పోయాయి, అయినా చూసేవాడు. ఆయన్ని మా ఇంటికే తెచ్చుకుందామని అమ్మ అంది. ఆయన ఒప్పుకోలేదు. అక్కడినుంచైతే తోట వాసన వస్తుందన్నాడు. ఒక మధ్యాహ్నం అన్నం పెట్టడానికి వెళ్తే కుర్చీలోనే పోయి ఉన్నాడు. మొహం ప్రశాంతంగా ఉందని అందరూ అన్నారు. నాకు ఆయన ఎవరి మాటో వింటున్నట్టు కనిపించాడు.

కర్మ అయ్యాక తుపాకీ, కొమ్ములో మిగిలిన మందు, కేపులు అన్నీ పోలీసుస్టేషనులో అప్పజెప్పాం. అక్కడి సార్జంటు మలాయి ఆయన, చిన్నాన్నను ఏళ్లుగా చూసినవాడు. గోనెగుడ్డ విప్పి గొట్టం మీద అరచేయి వేసి, "పక్చిక్ మంచి మనిషి" అని మలాయిలో, చిన్నాన్న వరసతో పిలుస్తూ అన్నాడు. ఖాళీ కొమ్మునీ, మిగతా సామానునీ నాకు తిరిగి ఇచ్చేశాడు.

సంచీని ఎప్పటిలాగే చూరు కింద మేకుకి తగిలించాను. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"లోపటికి తే," అంది.

నాకు సరిగ్గా వినపడలేదనుకున్నాను.

"ఇంక దానికి బయట ఎవలున్నారు? తే."

తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని లోపల చెయ్యి పెట్టింది. చూడకుండానే ఒక్కొక్కటీ తడిమి చెప్పుకుంటూ పోయింది. పీచు. గుడ్డ. ఇంకో గుడ్డ. సూది. ఉప్పు మూట. నేను ఆశ్చర్యంగా చూస్తుంటే, "మీ నాన్నకి నానే సర్దేదాన్ని," అంది. "ఆ రోజు కూడా నానే సర్దినాను. పీసు నానే దువ్వి ఎట్టినాను."

ఆమె వేళ్లకి వెదురు గొట్టం తగిలింది. బయటికి తీసి వెలుతురులో పట్టుకుంది. "ఇదేటి?"

చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆమె దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో దాని అంచు రాసింది.

"ఇంతే," అంది. "ఇంత ముక్క."

ఆ రోజు అన్నం తినలేదు. మర్నాటి నుంచి మామూలుగానే ఉంది. సంచీ మాత్రం వంటింట్లో, ఆమె కూర్చునే పీట ఎదురుగా ఉండిపోయింది.

వాసన అప్పుడు మొదలైంది. వాన వెలిసిన సాయంత్రాలు కాలువ వైపునుంచి వచ్చేది. ఒక్కోసారి గంధకం, ఒక్కోసారి కాలిన వెంట్రుకలు. తోటలో చెత్త కాలుస్తున్నారేమోనని రెండు మూడు సార్లు వెళ్లి చూశాను. ఏ పొగా లేదు. దట్టించే కడ్డీ గొట్టంలోకి దిగే చప్పుడు కూడా విన్నాను, రెండు పొడవు దెబ్బలు, ఒక పొట్టి దెబ్బ. చిన్నాన్న దట్టించే తీరు అదే. అమ్మకి వినబడిందో లేదో నేను అడగలేదు. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆపేసేది.

పందులు మళ్లీ వచ్చాయి. తుపాకీ లేదు, మనిషి లేడు. కిందటేడు ఊళ్లోంచి నలుగురు వేటగాళ్లు వచ్చి, మా మడి పక్కనుంచి తోటలోకి దిగుతామని అడిగారు. లైసెన్సు తుపాకులున్నవాళ్లే. తోట మేనేజరు రమ్మన్నాడట. వాళ్లలో పెద్దాయనకి చిన్నాన్న తెలుసు. వెళ్లమన్నాను. ఎండ తగ్గుతున్న వేళ రెండు చప్పుళ్లు వినిపించాయి. కాసేపటికి పందిని కర్రకి కట్టి భుజాల మీద మోసుకుంటూ కాలువ చెక్క మీదుగా ఒకరి వెనక ఒకరు వచ్చారు. అమ్మ వెనక గుమ్మంలో కూర్చుని ఉంది. నేను మంచినీళ్లు తెచ్చి నలుగురికీ ఇచ్చాను.

"ఎనకోలకి?" అంది అమ్మ.

పెద్దాయన గ్లాసు పట్టుకునే వెనక్కి తిరిగి చూశాడు. "మేం నలుగురమేనమ్మా," అన్నాడు తమిళంలో.

"ఆ ఇద్దరికీ," అంది అమ్మ, కాలువ చెక్క వైపు చూస్తూ. ఆమె గొంతులో భయం లేదు. వచ్చినవాళ్లకి నీళ్లివ్వడం ఆలస్యమైతే నన్ను విసుక్కున్నట్టే ఉంది. "నిలబడిపోనావేటి? తే."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకతను నీళ్లు తాగకుండానే గ్లాసు మెట్టు మీద పెట్టాడు. నేను లోపలికి వెళ్లి ఇంకో రెండు గ్లాసులు నింపి తెచ్చి గట్టు మీద పెట్టాను. నాకు అక్కడ ఎవరూ కనబడలేదు. వాళ్లు మాంసం కోసి మా వాటా అరిటాకులో పెట్టి తొందరగా వెళ్లిపోయారు. తర్వాత మళ్లీ మా వైపునుంచి దిగలేదు. ఆ రాత్రి అన్నంలోకి అమ్మ ఆ మాంసమే వండమంది. అల్లం, మిరియాలు బాగా దట్టంగా వేయించింది. రెండు ముక్కలు తింది.

ఈ ఏడు పామాయిల్ చెట్లు ముసలివయ్యాయని కొట్టేస్తున్నారు. పెద్ద యంత్రాలు వచ్చి మొదలంటా తోసి, కాండాలు ముక్కలు చేసి పరిచేస్తున్నాయి. కాలువ అవతల కొండ దాకా ఎర్రమట్టి తప్ప ఏమీ కనబడడం లేదు. అంచున మునియాండి గుడి ఒక్కటే మిగిలింది. నీడ పట్టున నిలబడడానికి ఒక్క మట్ట లేదు. పందులు ఎటో వెళ్లిపోయాయి. వాసనా రావడం లేదు, చప్పుడూ లేదు. చాలా ఏళ్ల తర్వాత మడిలో కర్రపెండలం నిండుగా ఊరింది. అది చూసి సంతోషపడాలి కదా, నాకు సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఊరొదిలి పోయినట్టు ఉంటోంది.

మొన్న అమ్మ కాలువ అవతలికి చూస్తూ చాలాసేపు కూర్చుంది. "ఎండకి ఎక్కడుంటారు?" అంది. నన్ను అడగలేదు. తనలో తను అనుకుంది. లేచి లోపలికి వచ్చాక, పొద్దుగూకే వేళకి వెనక తలుపు గడియ వెయ్యవద్దంది. నేను వెయ్యడం లేదు. దోమలు వస్తున్నాయి, ఒకసారి కుక్క దూరి గిన్నెలో చేప ఎత్తుకుపోయింది. అయినా తీసే ఉంచుతున్నాను.